చప్పుడు ఆగిన రోజు

తెర మీద ఎనిమిది గళ్ళున్నాయి, గడికో డిస్కు. డిస్కులమ్మ మౌసును ఒక్కో గడి మీదికి తీసుకెళ్ళి, కింద కనిపించే నంబరును చేతిలోని కాగితంతో అంకె అంకె సరిచూసుకుని, అప్పుడు టిక్కు పెడుతోంది. ఏడు గళ్ళకు పెట్టి ఆగింది. ఎనిమిదో దాన్ని జట్టులో కలపకుండా విడిగా ఉంచింది. అది స్టెప్నీ. ఉన్నవాటిలో ఏదైనా పడిపోతే దాని స్థానంలోకి వెళ్ళడానికి ఊరికే తిరుగుతూ కూర్చునే డిస్కు. పాత జట్టుకు అది లేదు. అదీ కావాలని పైవాళ్ళకు ఆమె రెండుసార్లు రాసింది.

"ఈ డిస్కుల్లో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?" అని సాఫ్ట్‌వేరు అడిగింది. చెరగడానికి ఏమీ మిగల్లేదు కనుక సరేనని నొక్కింది. మూలన సున్నా శాతం అని పడింది. అది నూరయ్యేసరికి దాదాపు మూడు రోజులు పడుతుంది.

ఆసుపత్రిలో స్కానింగ్ విభాగం తీసే ప్రతి బొమ్మా చివరికి చేరేది మిషను గదిలో ఆమె చూసుకునే సర్వర్లలోకే. అందుకే ఆ పేరు. డిస్కులను విడివిడిగా వాడరు. ఏడెనిమిదింటిని సాఫ్ట్‌వేరుతో ఒక జట్టుగా కడతారు. బయటికి ఒకే పెద్ద డిస్కులా కనిపిస్తుంది. పాత జట్టు ఎలా కట్టి ఉందంటే, ఒకటి చచ్చిపోయినా మిగతావి దాని బరువు మోస్తాయి. రెండోది కూడా పోతే జట్టంతా పోయినట్టే. శనివారం సాయంత్రం ఆరూ పన్నెండుకు పోయింది. టేపుల మీద ఉన్న నకలు ఏడాది కిందటిది. ఏడాది పాటు తీసిన బొమ్మలు లేవు.

స్కానింగ్ డాక్టరుగారు సోమవారం పొద్దున్నే వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. "పోయిన నెల బొమ్మ పక్కన పెట్టి చూడకుండా ఈ మచ్చ పెరిగిందో తగ్గిందో నేనెలా చెప్పను?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడుగుతున్నట్టు అన్నాడు.

డాక్టరుగారి వెనకే సూపరింటెండెంటు వచ్చాడు. అతను కూర్చోడు. నిలబడి మాట్లాడితే మాట తొందరగా తెగుతుందని అతని నమ్మకం.

"శుక్రవారానికి నాకు రిపోర్టు కావాలమ్మా. రెండు వాక్యాలు చాలు. శనివారం ఆరూ పన్నెండుకి సర్వరు పోయింది. ఆ టైముకి మిషను గదిలో ఉన్నది గదులు తుడిచే ఆయమ్మ ఒక్కతే. బకెట్టు, నీళ్ళు, తుడుపు కర్ర. ఇంకేం కావాలి?"

"కర్ర తగిలితే డిస్కు పోతుందా అన్నది చూడాలి కదండీ."

"మీరు చూడండి, వద్దనట్లేదు. చూసి రెండు వాక్యాలు రాయండి. పైనుంచి అడుగుతున్నారు. ఆమెను నిన్ననే రావద్దని చెప్పేశాం. రిపోర్టు వస్తే కాగితం పూర్తవుతుంది."

"కాగితం పూర్తయితే ఆమె ఉద్యోగం?"

సూపరింటెండెంటు గడియారం చూసుకున్నాడు. "ఇరవై రెండేళ్ళు చేసింది. నాకూ బాధే," అని వెళ్ళిపోయాడు. బాధ పడుతున్న మనిషి నడక కాదది అనుకుంది డిస్కులమ్మ. అంత తొందరెందుకు అని కూడా అనుకుంది. ఆ రోజు ఆమె మనసులో పడిన మొదటి అనుమానం అది.

డిస్కులను నడిపే కార్డు తన దినచర్యను తనే రాసుకుంటుంది. ఏ రోజు, ఏ నిమిషాన, ఏం జరిగింది. ఆమె దాన్ని తెరిచి కింది నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. శనివారం, తొమ్మిదో తేదీ, ఆరూ పన్నెండు: ఒకటో అరలోని డిస్కు విఫలం. కర్ర తగిలి బయటికి జారితే "తీసివేయబడింది" అని రాసేది. కరెంటు తీగ ఊడితే మొత్తం ఆగేది. ఇది అరిగి అరిగి లోపల్లోపలే చచ్చిన డిస్కు. సరే, మరి ఒకటే పోతే జట్టు నిలబడాలి కదా?

ఇంకా పైకి వెళ్ళింది. ఎక్కడో పదిహేడు రోజుల వెనక దొరికింది. పోయిన నెల ఇరవై మూడు: నాలుగో అరలోని డిస్కు విఫలం. అంటే ఆ రోజు నుంచీ జట్టు కుంటుతూనే ఉంది. అంతకాలం ఎవరికీ తెలియలేదు. మెయిలు పంపే ఏర్పాటు రెండేళ్ళ కిందట రిటైరైన పెద్దాయన పేరు మీదే ఉండిపోయింది. డిస్కు ముందరి దీపం రంగు మారుతుంది గాని జాలీ తలుపు వెనక దాన్ని చూసేవాళ్ళు లేరు. కాని కార్డు మీద చిన్న బూర ఒకటి ఉంది. ఏదైనా తేడా వస్తే అది కూస్తుంది. గోడ అవతల మనిషికి పళ్ళు జివ్వుమనేలా, ఎవరో ఒకరు వచ్చి చూసేదాకా ఆగకుండా కూస్తుంది. మరి ఇరవై మూడున ఎందుకు కూయలేదు?

దానికి జవాబు ఇంకో తొమ్మిది రోజుల పైన ఉంది. పద్నాలుగో తేదీ, ఎనిమిదీ నలభై ఒకటి: కార్డు బ్యాటరీ బలహీనం. ఎనిమిదీ యాభై రెండు: అలారం డిసేబుల్ చేయబడింది. చేసినవారు: అడ్మిన్.

అడ్మిన్ అంటే ఎవరైనా కావచ్చు. ఆ పేరూ, దాని పాస్‌వర్డూ ఈ అంతస్తులో ముగ్గురికి తెలుసు. ఆమెకు, నెట్‌వర్కు చూసే ఆయనకు, సూపరింటెండెంటుకు.

ఆమె మెనూ తెరిచి చూసింది. రెండు వరుసలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పైది సైలెన్స్ అలారం, కిందిది డిసేబుల్ అలారం. పైది నొక్కితే ఇప్పటి కూత ఆగుతుంది, రేపు ఇంకేదైనా పాడైతే మళ్ళీ కూస్తుంది. కిందిది నొక్కితే బూర నోరు ఇక ఎప్పటికీ మూసినట్టే. రెంటి మధ్యా వెంట్రుక వాసి దూరం. జట్టు కట్టేటప్పుడు సరేనా అని అడిగిన సాఫ్ట్‌వేరు ఇక్కడ ఏమీ అడగదు. నొక్కిన వాళ్ళకు కూడా తేడా తెలియదు, ఎందుకంటే ఆ క్షణాన రెండూ ఒకటే పని చేస్తాయి. చప్పుడు ఆగిపోతుంది.

పద్నాలుగు. ఆ అంకెను ఆమె ఇంకోచోట కూడా మోస్తోంది. అక్క పోయింది ఆ రోజే. బావ ఫోను వచ్చినప్పుడు తను వంటింట్లో ఉంది. కుళాయి తిప్పి ఉంది. గోడ పట్టుకుని నిలబడింది. అక్కణ్ణుంచి నేరుగా బస్సు. పన్నెండు రోజులు సెలవు.

'నేను లేను,' అనుకుంది డిస్కులమ్మ. ఊపిరి ఒక్కసారి తేలిగ్గా వదిలింది. మిగిలింది ఇద్దరు.

*

మంగళవారం ఆమె పని చేస్తూనే వైర్ల బాబాయిని గమనించింది. నెట్‌వర్కు తీగలు, స్విచ్చులు చూసేది అతనే. ఆ అంతస్తులో ఆయన కంటే పెద్దవాళ్ళు కూడా ఆయన్ను బాబాయనే అంటారు. అతని బల్ల మిషను గది అద్దానికి ఆనుకునే ఉంటుంది. ఫ్యాన్ల రొదకే చెవుల్లో దూది పెట్టుకునే మనిషి. బూర కూస్తే ఊరుకుంటాడా? పైగా ఏదైనా అడ్డమొస్తే తీగ లాగేసి తర్వాత ఆలోచించే రకం.

పదకొండు గంటలకు టీ గ్లాసుతో వచ్చి ఆమె తెర వైపు వంగాడు. "ఎంతయింది?"

"ముప్పై ఎనిమిది శాతం. బాబాయ్ గారూ, పోయిన నెల పద్నాలుగున మీరు ఎన్నింటికొచ్చారు?"

"నిన్న ఎన్నింటికొచ్చానో అడుగు, ఆలోచించి చెప్తాను. పోయిన నెల సంగతి మా ఆవిడకైతే గుర్తుంటుంది. ఎందుకూ?"

"ఊరికే."

"ఊరికే అడిగే మనిషి చేతిలో కాగితం ఉండదమ్మాయ్." గ్లాసు బల్ల మీద పెట్టి కాగితం లాక్కుని చదివాడు. "ఓహో. ఎవరో బూర నోరు నొక్కారు. అడ్మిన్ అన్నవాళ్ళు ముగ్గురు. నువ్వేమో సెలవు. సూపరింటెండెంటుగారిని అడిగే ధైర్యం లేదు. కాబట్టి బాబాయి."

"నేనలా అనలేదు."

"అనలేదు. అన్నట్టు చూశావు. పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నావు, నా వీపు కాలిపోతోంది." నవ్వబోయి మానేశాడు. "నీ సెలవు చీటీ రాసింది నేను. బస్సులోంచి ఫోన్ చేశావు, మాట సరిగా రాలేదు నీకు. పద్నాలుగు నుంచి అని నా చేత్తో రాసి, నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ రోజు ఇంకో పని కూడా చేశానని నువ్వనుకుంటే, అనుకో."

గ్లాసు అక్కడే వదిలేసి వెళ్ళాడు. ఆమెకు సిగ్గేసింది. కాని సిగ్గు అనుమానాన్ని చెరపలేదు. తప్పు చేసిన వాళ్ళు కూడా ఇలాగే నొచ్చుకుంటారు కదా అనిపించింది.

మధ్యాహ్నం హాజరు పుస్తకం అడిగి తీసుకుంది. పద్నాలుగో తేదీ వరుసలో తన పేరెదురుగా ఎర్ర సిరాతో 'సె' అని ఉంది. ఆ అక్షరం మీద వేలు ఒక క్షణం ఆగి కిందికి జరిగింది. బాబాయి సంతకం తొమ్మిదీ ముప్పై అయిదుకు. అయితే ఎనిమిదీ యాభై రెండుకు అతను ఇక్కడ లేడు. పుస్తకంలో వేసిన టైము నిజమైతే. ఈ పుస్తకంలో టైములు ఎవరు నిజంగా వేస్తారు? సూపరింటెండెంటుకు హాజరు పుస్తకమే లేదు. అతను రోజూ ఎనిమిదిన్నరకే వస్తాడు. అతని గది మిషను గదికి ఎదురుగానే ఉంది. ఒకసారి నిప్పు అలారం పరీక్షిస్తుంటే "ఆ కీచురాయిని ఎవరైనా ఆపండయ్యా" అని తలుపు తీసుకుని బయటికొచ్చాడు. రెండు వాక్యాలు చాలు. శుక్రవారానికి కావాలి. ఆయమ్మను ఆదివారమే పంపించేశాడు. వీటన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే అన్నీ అతుక్కున్నాయి. అతుక్కున్నందుకు ఆమెకు తృప్తిగా అనిపించింది.

సాయంత్రం మిషను గదిలోకి వెళ్ళి చూసింది. మూడు రోజులుగా తుడవని నేల మీద తన చెప్పుల గుర్తులు ఒక్కటే ఉన్నాయి.

*

ఆయమ్మ ఉండేది ఒక టైలరు దుకాణం పైన, రెండో అంతస్తులో ఒంటి గది. బుధవారం మధ్యాహ్నం భోజనం వేళలో డిస్కులమ్మ అక్కడికి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. ఆయమ్మ మంచం మీద యూనిఫాం చీర పరిచి ఇస్త్రీ చేస్తోంది. ఉద్యోగానికి వెళ్ళని మనిషి యూనిఫాం ఇస్త్రీ చేయడం చూసి డిస్కులమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"రండమ్మా. ముడతలు పడితే మళ్ళీ సాగదు ఇది," అంది ఆయమ్మ, అడక్కుండానే. ఉన్న ఒక్క కుర్చీ మీది బట్టలు తీసి మంచం మీద వేసింది. "నిన్న బాబాయిగారొచ్చారు. ఇవాళ మీరు. ఉద్యోగం పోయాకే నాకు చుట్టాలెక్కువయ్యారు."

"బాబాయ్ గారు వచ్చారా? ఎందుకు?"

"ఏమో. కూర్చున్నారు, మంచినీళ్ళు తాగారు, ధైర్యంగా ఉండమన్నారు, వెళ్ళారు."

నిన్న పొద్దున కాగితం చదివాడు, సాయంత్రం ఇక్కడికొచ్చాడు. డిస్కులమ్మ ఆ సంగతి మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

"ఆయమ్మా, శనివారం ఏం జరిగిందో ఒకసారి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పనమ్మా. ఆ పెట్టె దగ్గర నేను కర్ర వాడను. కూర్చుని చేత్తో గుడ్డతో తుడుస్తాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క తీగ తాకలేదు. దీపాలన్నీ ఎప్పటిలాగే మిణుకుమంటున్నాయి. నేను తుడిచేసి తలుపేశాను. ఆ లోపలేం చచ్చిందో నాకేం తెలుసు? సూపరింటెండెంటుగారు రాయించుకున్నారు. ముట్టుకోలేదని రాశారు, కింద వేలిముద్ర వెయ్యమన్నారు. నాకు సంతకం వచ్చని చెప్పి సంతకం పెట్టాను."

"అంతకు ముందు ఎప్పుడైనా లోపల కూత వినిపించిందా? పోయిన నెల?"

ఆయమ్మ ఇస్త్రీ పెట్టెను నిలబెట్టింది. డిస్కులమ్మ ముఖం వైపు చూసి, మళ్ళీ చీర వైపు చూసింది.

"వినిపించింది."

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్పాను."

"ఎవరికి? భయపడకు. ఎవరైనా సరే, పేరు చెప్పు. ఆ మనిషి చూసుకోకపోవడం వల్లే ఇదంతా. నీ మీది నింద పోతుంది."

"అదేంటమ్మా, మీకే కదా చెప్పాను."

గదిలో ఇస్త్రీ బట్ట వాసన ఉంది. కింద దుకాణంలో మిషను ఆగి ఆగి కుడుతోంది.

"నాకా? నేను ఆ రోజు రాలేదు ఆయమ్మా."

"ఎందుకు రాలేదూ. పొద్దున్నే వచ్చారు. మీరు సంచీ కుర్చీకి తగిలిస్తున్నారు, నేను లోపలి పెట్టె ఒకటే కూత పెడుతోందమ్మా, తల పోతోంది అన్నాను. చూస్తానుండు అని కంప్యూటరు తెరిచారు. ఏదో చదువుతూ కూర్చున్నారు. ఇంతలో మీకు ఫోనొచ్చింది. ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఇంకో చేత్తో ఏదో నొక్కారు, కూత ఆగిపోయింది. అమ్మయ్య అని నేను బకెట్టు తీసుకుని బయటికొచ్చాను. మళ్ళీ లోపలికొచ్చేసరికి మీరు లేచి నిలబడున్నారు. సంచీ కూడా మర్చిపోయి వెళ్ళిపోతుంటే నేనే మెట్ల దాకా తెచ్చిచ్చాను."

"ఆ రోజు కాదేమో. ఇంకో రోజేమో."

"మీ అక్కగారు పోయిన రోజమ్మా." ఆయమ్మ గొంతు తగ్గించింది. "ఆ రోజు సంగతి ఎత్తడం ఎందుకని నేను ఎవరికీ చెప్పలేదు. మీరు మాత్రం ఏం తప్పు చేశారని? కూత ఆపమన్నాను, ఆపారు."

డిస్కులమ్మ లేచింది. ఏదో అనాలి కాబట్టి, మళ్ళీ వస్తానంది. మెట్లు దిగుతున్నంతసేపూ ఒకటే అనుకుంది. బాబాయి వచ్చి వెళ్ళాడు. ధైర్యంగా ఉండమన్నాడట. ఇంకేం చెప్పి ఉంటాడు? హాజరు పుస్తకంలో ఎర్ర సిరాతో ఉంది. ఒంటి గదిలో ఉండే మనిషి చేత ఏ మాటైనా అనిపించవచ్చు. వంటింటి గోడ చల్లగా తగలడం తనకు ఇప్పటికీ అరచేతిలో తెలుస్తోంది. అది అబద్ధమెలా అవుతుంది?

బస్టాపులో నిలబడి ఫోను తీసింది. కాల్స్ వరుసను వేలితో పైకి తోసింది. నెల కిందటి కాల్స్ దాకా ఇంతకు ముందు ఎన్నడూ తోయలేదు. పద్నాలుగు. బావ. ఎనిమిదీ యాభై ఒకటి.

ఎనిమిదీ యాభై ఒకటికి తను ఇంట్లో ఉండదు. ఎనిమిదిన్నరకల్లా ఆసుపత్రిలో ఉంటుంది. బస్సు వచ్చింది, ఎక్కలేదు. బావకు ఫోన్ చేసింది.

"చెప్పు చిన్నా," అన్నాడు బావ. వెనక గిన్నె మూత చప్పుడు. "మీ అక్క ఉప్పు డబ్బా ఎక్కడ దాచేదో ఇవాళ దొరికింది. బియ్యం డబ్బా వెనకాల. ఇన్నాళ్ళూ పక్కింటావిడ దగ్గర అరువు తెచ్చుకుంటున్నా. పాప నవ్వింది."

"బావా, ఒకటి అడుగుతాను. ఏమనుకోకు. ఆ రోజు నువ్వు నాకు ఫోన్ చేసినప్పుడు నేనెక్కడున్నాను?"

మూత చప్పుడు ఆగింది.

"ఆఫీసులో. ఎందుకు?"

"నేనన్నానా ఆఫీసులో ఉన్నానని?"

"అనక్కర్లేదు. నీ వెనకాల ఏదో కీచుమని ఒకటే మోత. నేను చెప్పబోతే వినపడట్లేదు బావా అన్నావు. రెండుసార్లు చెప్పలేను కదా, ఆ మాట. ఊరుకున్నాను. ఒక్క నిమిషం అన్నావు. అప్పుడది ఆగిపోయింది." బావ గొంతు సవరించుకున్నాడు. "అప్పుడు చెప్పాను."

ఇంకో బస్సు వచ్చింది. కండక్టరు ఆమె వైపు చూసి, రాదని అర్థమై బస్సు పోనిచ్చాడు.

"ఉన్నావా?" అన్నాడు బావ.

"ఉన్నాను. పాప తిందా?"

"తింటోంది. నువ్వు?"

తిన్నానని చెప్పింది.

*

గురువారం కొత్త జట్టు నూరు శాతం అయింది. టేపుల నుంచి పాత బొమ్మలు ఒక్కొక్కటే అందులోకి రావడం మొదలైంది. డిస్కులమ్మ అలారం మెనూ తెరిచి, బూర మళ్ళీ కూసేలా ఎనేబుల్ అన్న దాని మీద నొక్కి, నొక్కినట్టు మళ్ళీ చూసుకుంది. మెయిళ్ళకు రిటైరైన పెద్దాయన పేరు తీసి తన పేరు, బాబాయి పేరు వేసింది. తర్వాత ఖాళీ పేజీ తెరిచి రిపోర్టు మొదలుపెట్టింది.

కాసేపటికి కుర్చీ తిప్పింది. "బాబాయ్ గారూ. అది నేనే."

బాబాయి చెవిలోని దూది తీశాడు. "ఏది?"

ఆమె చెప్పింది. ఎక్కువ మాటలు పట్టలేదు. అతను ఆమె వైపు కాక కిటికీ వైపు చూస్తూ విన్నాడు.

"నన్నెన్ని రోజులు అనుమానించావు?"

"రెండున్నర."

"అంతేనా. మా ఆవిడ ఇరవై ఏళ్ళ నుంచి అదే పని మీద ఉంది." దూది ఉండను వేళ్ళ మధ్య నలిపాడు. "ఇంకెవరికైనా చెప్పావా? చెప్పకు. పుస్తకంలో నువ్వు లేవు. బూరను ఎవరో ఆపారని రాయి, ఎవరో తెలియలేదని రాయి. ఆయమ్మ బయటపడుతుంది, నువ్వూ మిగుల్తావు. అందులో అబద్ధం ఒక్క మాటే."

"ఆ ఒక్క మాట ఉంటే సూపరింటెండెంటుగారు దాన్నే పట్టుకుంటారు. ఎవరో తెలియకపోతే ఆయమ్మే అయి ఉంటుందంటారు. కూత విసుగొచ్చి తనే ఏదో పీకేసిందంటారు."

బాబాయి కాదనలేదు. అతనికీ ఆ మనిషి తెలుసు.

శుక్రవారం పొద్దున రిపోర్టు ఒకటిన్నర పేజీ అయింది. సూపరింటెండెంటు మొదటి పేజీ నిలబడి చదివాడు. రెండో పేజీకి వచ్చేసరికి కూర్చున్నాడు. అతను కూర్చోవడం ఆమె చూడ్డం అదే మొదలు.

"ఇదేంటమ్మా. 'పద్నాలుగున పొద్దున అలారం ఆపింది నేనే, ఆయమ్మ అప్పుడే నాకు హెచ్చరిక చెప్పింది, నేను చూసుకోలేదు' అని రాశారు. ఎవరు రాయమన్నారు?"

"జరిగింది రాశానండీ."

అతను గంట కొట్టి హాజరు పుస్తకం తెప్పించాడు. పేజీ తిప్పి, ఎర్ర అక్షరం మీద వేలు పెట్టి ఆమె వైపు తిప్పాడు. "ఆ రోజు మీరు సెలవు. లేని మనిషి ఎలా నొక్కుతుంది?"

"పుస్తకం తప్పండీ. వచ్చాను. సంతకం పెట్టేలోపే వెళ్ళిపోయాను."

"సాక్ష్యం?"

"ఆయమ్మ చూసింది."

"ఆమె చూసిందన్నది ఆమెకే పనికొచ్చే మాట. చెల్లదు."

"మా బావ ఫోనులో విన్నాడండీ."

సూపరింటెండెంటు ఏదో అనబోయాడు. ఆ తేదీ ఏమిటో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇతనా అలారం ఆపాడని తను అనుకున్నది అని ఆమె అతని ముఖం చూసింది. నిద్ర చాలని, మామూలు ముఖం.

"చూడమ్మా," అన్నాడు, ఇంతకు ముందు కంటే మెల్లగా. "దీన్ని ఇలాగే పైకి పంపితే మీకు మెమో వస్తుంది. ప్రమోషను ఆగుతుంది. అలాంటి రోజున చేసిందానికి ఎవరూ మిమ్మల్ని అడగరు. అడిగినా పుస్తకం మీ వైపే ఉంది."

"మరి ఆయమ్మను అడిగారు కదండీ."

అతను కళ్ళద్దాలు పెట్టుకుని పెన్ను ఆమె వైపు తోశాడు. "అయితే ముందు ఇది సరిచేయండి. పుస్తకం ఒకటి, రిపోర్టు ఒకటి చెప్తే నన్ను అడుగుతారు."

ఆమె ఎర్ర అక్షరం మీద అడ్డంగా గీత గీసింది. పక్కన తన పొట్టి సంతకం చేసింది. వచ్చిన టైము అన్న గడిలో ఎనిమిదిన్నర వేసింది. వెళ్ళిన టైము అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఆ సంగతి ఆయమ్మకు తెలుసేమో గాని తనకు తెలియదు. ఆ గడి ఖాళీగా వదిలి పుస్తకం మూసింది.

*

శనివారం సాయంత్రం అయిదింటికి ఆయమ్మ తిరిగి పనిలోకి వచ్చింది. ఇస్త్రీ చీర, చేతిలో బకెట్టు, గుడ్డ. డిస్కులమ్మ లేచి ఎదురెళ్ళబోయి, ఎదురెళ్ళి ఏం చెయ్యాలో తెలియక బల్ల దగ్గరే నిలబడింది.

"మీ పేరు మీరే రాసిచ్చారంట కదా," అంది ఆయమ్మ. "కింద చెప్పుకుంటున్నారు."

"అవును. ముందే గుర్తుండాల్సింది. ఆదివారం నిన్ను పంపించక ముందే."

ఆయమ్మ ఆ మాటను తీసుకోలేదు, తిప్పి కొట్టలేదు. బకెట్టు కింద పెట్టి గుడ్డ ముంచి పిండింది. "నేను రాని రోజులకు కూడా డ్యూటీ చేసినట్టు వేశారా?"

"వెయ్యమని రిపోర్టులో రాశాను. వేస్తామన్నారు."

"చూద్దాం," అంది ఆయమ్మ.

బల్ల కింద తుడిచింది, బాబాయి కుర్చీ జరిపి తుడిచింది. మిషను గది తలుపు దగ్గరికెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, తీయకుండా వెనక్కి తిరిగింది.

"మీరూ రండమ్మా. ఇకనుంచి ఒక్కదాన్నే లోపలికి పోను."

"నిన్నెవరూ ఏమీ అనరు ఆయమ్మా."

"అనరు. మీరు రండి."

డిస్కులమ్మ వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది. ఆయమ్మ సర్వర్ల ముందు గొంతుక్కూర్చుని, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ మధ్యకు దోపుకుని, చేత్తో నేల తుడవడం మొదలుపెట్టింది. తీగలకు జానెడు దూరంలో చెయ్యి ఆపేస్తోంది. ఆపిన ప్రతిసారీ తల తిప్పి చూస్తోంది, గుమ్మంలో మనిషి ఉందా లేదా అని.